సున్నా టికెట్

పొద్దున మా కంపెనీ క్యాబ్ పెట్రోలు బంకులో ఆగింది. డ్రైవర్ కార్డు గీకగానే బంకు కుర్రాడి చేతిలోని చిన్న మిషన్ కిర్రుమంటూ చీటీ వదిలింది. వెనక సీట్లో కునుకుతున్నదాన్ని ఉలిక్కిపడి లేచాను. తుర్కపల్లి ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయిలు నవ్వారు. ఆ చప్పుడు వింటే నాకు బాలమణి పెద్దమ్మ గొంతు వినిపిస్తుందని వాళ్లకేం తెలుసు. "నాకూ టికెట్ కొట్టు బిడ్డా" అని కండక్టరుతో అనే గొంతు.

బాలమణి మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. చేపలు పట్టే ఇంటి కోడలు. భర్త పోయాక సూరారంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. మా ఊరి బస్సులో మేడ్చల్ దాకా వెళ్లి, అక్కడ ఇంకో బస్సు ఎక్కేది. నేను మేడ్చల్‌లో డిగ్రీలో చేరతానంటే మా నాయిన ససేమిరా అన్నాడు. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపనన్నాడు. "నా పక్కన కూసోబెట్టుకొని తోల్కపోత. నువ్వు పరేషాన్ గాకు" అని బాలమణి పూచీ పడింది. ఆ పూచీ మీదే నా చదువు నడిచింది. అంటే ఆ బస్సు మీద. అది ఆగితే ఆవిడ కూలీ, నా కాలేజీ రెండూ ఆగుతాయని ఇద్దరికీ తెలుసు.

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక ఊళ్లో మగవాళ్లకు చేతినిండా పని దొరికింది. చాయ్ హోటల్ ముందు అదే ముచ్చట. ఒకరోజు సీటు దొరకని ఒకాయన బస్సులోనే అందుకున్నాడు. "మా పైసలతోని మీరు తిరుగుడు, మేము నిలబడుడు." ఆడవాళ్లంతా తలలు వంచుకున్నారు. బాలమణి వంచలేదు. "నేను సబ్బు కొన్నా పన్ను సర్కారుకు పోతనే ఉన్నది పటేలా. నా పైసల మీదనే నేను కూసున్న" అంది తాపీగా. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

కానీ ఆ దెప్పుడు మాటలు పని చేశాయి. ఉచితంగా ఎక్కినా ఆడవాళ్లకు సున్నా రూపాయల టికెట్ ఇవ్వాలి. అది అడగడానికి మావాళ్లకు నామోషీ. సున్నాకు టికెట్ ఎందుకని చాలామంది ఊరుకునేవాళ్లు. రద్దీలో కండక్టరమ్మకూ అందరి దగ్గరికి వెళ్లడం కుదిరేది కాదు. చివరికి ఆవిడే ఒకరోజు బాలమణితో మెల్లగా చెప్పింది. "గా టికెట్లు లెక్కవెట్టి డిపోకు సర్కారు పైసలిస్తదమ్మా. కొట్టకుంటే బస్సు ఖాళీగ పోయినట్టే." అప్పటినుంచి బాలమణి కూర్చుంటే ఒట్టు. సీటు సీటుకూ తిరిగి "కొట్టించుకోండ్రే. మనం ఎక్కినట్టు తెలవాలె గద" అని వెంటపడేది. నవ్వినవాళ్లను తిట్టేది కూడా.

అప్పటికే ఆలస్యమైంది. బస్సు ఖాళీగా తిరుగుతోందని, ఊరి అభిప్రాయం కనుక్కుంటామని డిపో నుంచి ఒక అధికారి వచ్చాడు. పంచాయతీ ఆఫీసులో మీటింగు, అదీ అందరూ పనికి పోయే వేళ. బాలమణి ఆ రోజు కూలీ వదులుకుని, కాలేజీకి సెలవైన నన్ను వెంటేసుకుని వెళ్లింది. లోపల అందరూ మగవాళ్లే, బయట అందరి బైకులూ. ప్లాట్ల వ్యాపారం చేసే నర్సింలు పటేల్ లేచాడు. "ఇంటికో బండి ఉన్నది సారూ. గా బస్సుకు పెట్టే పైసలేవో మా రోడ్డుకు పెట్టించుండ్రి." అందరూ అవునన్నారు. బాలమణి గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"బస్సు ఎక్కేటోళ్లంత ఇప్పుడు బస్సులనే ఉన్నరు సారూ. మీరు ఎవల్ని అడుగుతున్నరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి తలెత్తలేదు. మిషన్ చూపించే టికెట్లే తనకు లెక్క అన్నాడు. ఇంత సూటి ప్రశ్న ఆ తర్వాత నేను ఏ మీటింగులోనూ వినలేదు. ఆ గదిలో దాన్ని నవ్వులాట చేశారు. నాకు ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

నా డిగ్రీ పరీక్షలు అయ్యాక బస్సు ఆగిపోయింది. నేను గట్టెక్కాను. నా వెనక చేరిన పిల్లలు మధ్యలోనే మానేశారు. బాలమణి మాత్రం పని మానలేదు, మానితే తిండి లేదు. కిక్కిరిసిన ఆటోలో, డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడుతూ వెళ్లేది. వానలు పడ్డ ఒక పొద్దున మలుపు దగ్గర ఆ ఆటో బోల్తా పడింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. ఆవిడ అక్కడికక్కడే పోయింది.

చావు దగ్గరికి ఊరంతా వచ్చింది. నర్సింలు పటేల్ కూడా వచ్చి, మా నాయిన పక్కన నిలబడి తల ఊపాడు. "బస్సన్న ఉంటే గిట్ల కాకపోవు." చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ అవునన్నారు. అదే మనుషులు, అదే అవును. నాకు ఏడుపు ఆగిపోయింది.

ఇప్పుడు ఉద్యోగానికి క్యాబ్ వస్తుంది. సెలవు రోజుల్లో ఎక్కడికైనా వెళ్తే మాత్రం మేడ్చల్ నుంచి బస్సే ఎక్కుతాను. మొన్న రద్దీలో కండక్టర్ నన్ను దాటిపోతుంటే చేయి అడ్డం పెట్టాను.

"మీకు ఫ్రీయే గద మేడమ్, కూసోండి" అన్నాడు.

"టికెట్ కొట్టన్నా" అన్నాను. "నేను ఎక్కినట్టు తెలవాలె."

మా ఊరికి బస్సు ఇంకా తిరిగి రాలేదు.