మా ఆయన చూసిన మొహం

నాకు అనుమానం జాస్తి అని మా ఆయన పదిమందిలో కూడా అనేస్తారు. అననీయండి. యావజ్జీవం పడ్డవాడి మీద మళ్ళీ కేసెందుకు పెడతారో మీరే చెప్పండి? పార్సిల్ ఆఫీసులో బాంబు పెట్టింది వాడేనని కేంద్రం వాళ్ళ ఫెడరల్ కోర్టులో తేలిపోయింది. ఇక బయటికి రాడన్నారు, హమ్మయ్య అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే మా కౌంటీ ప్రాసిక్యూటర్, అదే సర్కారు లాయరు, ఆఫీసు నుంచి ఫోన్. కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి చనిపోయింది కదా, ఆ హత్య మీద స్టేట్ కోర్టులో విడిగా కేసు నడుపుతారట, మా ఆయన మళ్ళీ వచ్చి సాక్ష్యం చెప్పాలట.

బాంబు పేలిన రోజు ఈయన సైజు సరిపోని బూట్లు వెనక్కి పంపడానికి అక్కడికి వెళ్ళారు. కారు లాక్ చేస్తుంటే టోపీ పెట్టుకున్న మనిషొకడు లోపల్నుంచి వచ్చి, అటు తిరిగి గబగబా వెళ్ళిపోయాడు. ఈయన చూసింది వాడి వీపు. మరో నిమిషానికి అద్దాలన్నీ పగిలి పార్కింగ్ లాట్‌లో పడ్డాయి. ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. ఫెడరల్ కోర్టులో ఇంతే చెప్పారు.

ఇద్దరం కలిసే వెళ్ళాం. ప్రాసిక్యూటర్ ఒక చిన్న వయసు లాయరమ్మ. మళ్ళీ ఎందుకండీ ఇదంతా అని అడిగాను. "ఆ తీర్పుకి పై కోర్టులో రేపేదైనా అయితే, ఇదైనా నిలబడాలి" అంది. అంటే వీళ్ళకే నమ్మకం లేదన్నమాట అనుకున్నాను. అంతలో ఆవిడ లాప్‌టాప్ మా వైపు తిప్పింది. చూద్దును కదా, ట్రాయ్ ఊళ్ళోని మా తెలుగు చర్చి! మా ఆయన మైకు పట్టుకుని, దేవుడు తనని కాపాడాడని సాక్ష్యం చెబుతున్నారు. "వాడి మొహం చూశాను, వాడు నా కళ్ళలోకి చూశాడు, అయినా ప్రభువు నన్ను దాచాడు" అంటున్నారు. వెనకాల అందరూ హల్లెలూయా అంటున్నారు. ముద్దాయి లాయర్లు ఈ వీడియో పట్టుకుని ఇంగ్లీషులోకి రాయించారట.

ముందు మా క్వయర్‌లో పాటలు పాడే సిస్టర్ మీదే నా అనుమానం పోయింది. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆవిడ బిర్యానీ ముద్దయిందన్నానని నాతో మాట్లాడ్డం మానేసింది. తర్వాత నాకే సిగ్గేసింది, యూట్యూబ్‌లో ఉన్నదాన్ని ఎవరో మోసుకెళ్ళి ఇవ్వాలా?

మా చర్చిల్లో ఇదొక అలవాటు. మూడు రోజుల జ్వరం మైకు దగ్గరికొచ్చేసరికి డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బయిపోతుంది. దేవుడికి మహిమే కదా అని అందరం సర్దుకుపోతాం. కోర్టువాళ్ళు కూర్చుని వింటారని ఎవరనుకుంటారు?

"ఏది నిజం?" అని లాయరమ్మ అడిగింది. "ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఈసారి కేసు మీ మీదే అవుతుంది."

"మొహం చూశాను" అన్నారీయన, తడుముకోకుండా.

వీళ్ళ మెప్పు కోసం అబద్ధమాడుతున్నారా అని ఆయన వంక గుచ్చిగుచ్చి చూశాను. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన ముక్కు గోక్కుంటారు. చెయ్యి కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొదటిసారి చర్చిలో ఆయన సాక్ష్యం ఉన్నదున్నట్టు చెబితే జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగొస్తూ కార్లో, "ఏంటండీ ఆ చప్పిడి సాక్ష్యం? వాడి మొహం చూశాననండి, వాడు మీ వంక చూశాడనండి" అన్నది నేను. తర్వాత నాలుగు చర్చిల్లో అలాగే చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని మురిసిపోయాను కూడా. ఛీ.

నోరు మూసుకుని కూర్చుందామా అనిపించింది. కానీ ఈయన్ని జైలుకి పంపేది నేనే అవుతాను.

"మేడమ్, ఆ మొహం సంగతి నేను చెప్పించింది" అన్నాను. ఆవిడ రాసుకోవడం ఆపేసింది. ఇది అవతలి లాయర్లకి కూడా చెప్పక తప్పదంది.

పార్కింగ్‌లో ఈయన కారు తలుపు తీసి అలాగే నిలబడిపోయారు.

"పరాయివాళ్ళ ముందు నా పరువు తీశావు. అబద్ధమాడాననుకున్నావా?"

"అనుకున్నానండీ."

"కళ్ళు మూసుకుంటే కనపడుతోందే. బుగ్గ మీద మచ్చతో సహా. మరి అదెవరి మొహం?"

"వాణ్ణి పట్టుకున్నప్పుడు టీవీలో వేసిన ఫోటో అండీ. మనిద్దరం సోఫాలో కూర్చుని చూశాం."

ఆయన తీసిన తలుపు మళ్ళీ వేసేశారు. "చనిపోయిన పిల్ల తల్లి ఫెడరల్ కోర్టు బయట నా చేతులు పట్టుకుని ఏడ్చింది. చూసినవాడివి నువ్వొక్కడివే బాబూ అంది. ఇప్పుడు ఆవిడ ఎదురుగా నిలబడి, ఆ వీపు వాడిదో కాదో నాకు తెలీదని చెప్పాలా?"

"చెప్పాలండీ" అన్నాను ఏడుస్తూ. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, అటువైపు వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు.