తొమ్మిది కిటికీల మేస్త్రి

మా మేస్త్రి పోయారు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం అప్పుడే కంచం ముందు కూర్చున్నాను, బురైదా నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మా క్యాంపులో ఉండి, ఇప్పుడు అక్కడి ఖర్జూరం తోటల్లో మోటార్లు బాగుచేసుకుంటున్న మనిషి. “సార్, మేస్త్రి పోయిండు” అన్నాడు. ఏ మేస్త్రి అని నేను అడగలేదు. సౌదీలో నాకు తెలిసిన మేస్త్రులు యాభైమంది ఉంటారు గానీ, ఉత్త మేస్త్రి అంటే ఒక్కరే. చేయి కడుక్కుని లేచిపోయాను.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు పెద్ద కష్టం కాదు. ఉత్తరాలు రాసి బతికినవాణ్ణి. కానీ ఆయన విషయంలో నేను చేసిన పని ఒకటుంది. అది దాచి ఈయన ఇంత గొప్పవాడు, అంత మంచివాడు అని రాస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అందుకని అది కూడా చెప్తాను, వినండి.

రియాద్ నుంచి అల్ ఖర్జ్ వెళ్ళే దారిలో ఉండేది మా వడ్రంగి వర్క్‌షాప్. తలుపులు, కిటికీలు, అల్మారాలు చేసేవాళ్ళం. నలభై మంది పనివాళ్ళు, అందులో సగం జగిత్యాల, నిర్మల్ వైపువాళ్ళే. నేను ఆఫీసులో కాగితాల మనిషిని. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం, ఎవరి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఎప్పుడు అయిపోతుందో చూసుకోవడం నా పని. మాది రాజమండ్రి. చేరిన కొత్తలో మేస్త్రి మాట నాకు సగమే తెలిసేది. “సార్, ఈ కట్టె మంచిగ లేదు, వాపస్ పంపియ్” అంటే తెల్లబోయి చూసేవాణ్ణి. మా వైపు కట్టె అంటే పొయ్యిలోకి. ఆయనకి బర్మా టేకు కూడా కట్టే.

ఆఫీసులోకి వస్తే కుర్చీలో కూర్చునేవారు కాదు, ఎన్నిసార్లు చెప్పినా. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క. షార్పెనర్ కొనిస్తే నవ్వి జేబులో వేసుకున్నారు, మళ్ళీ ఉలితోనే చెక్కుకున్నారు. తలుపు బిగించాక నాలుగుసార్లు వేసి తీసి, బందుల దగ్గర చెవి పెట్టి వినేవారు. “సప్పుడు రాకుంటే ఇంట్లోళ్ళు మంచిగ నిద్రవోతరు సార్” అనేవారు. చేసిన ప్రతి ముక్క మీదా, బయటికి కనపడని వైపున, పెన్సిల్‌తో ఒక తెలుగు అక్షరం, ఒక అంకె వేసేవారు. ఎడమకి ఎ, కుడికి కు, మీదికి మీ. ఇంగ్లీషులో వెయ్యొచ్చు కదా మేస్త్రి గారూ అంటే, “బిగిచ్చేటోడు మనోడే గద సార్” అన్నారు.

కుటుంబాల మీద కూడా తలకింత అని ఫీజు పెట్టిన ఏడాది, నేను మా ఆవిడనీ అమ్మాయినీ రాజమండ్రి పంపేశాను. మాలాంటివాళ్ళు ఎంతమందో పంపేశారు అప్పుడు. ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. మంచాలు, అల్మారా విప్పడానికి మేస్త్రి వచ్చారు. మా అమ్మాయి అల్మారా తలుపు మీద బొమ్మల స్టిక్కర్లు అంటించింది. అవి చూసేసరికి ఆగలేకపోయాను. చుట్టూ స్క్రూలు, మేకులు, మధ్యలో నేను కూర్చుని ఏడుస్తున్నాను. ఓదార్చడం ఆయనకి రాదు. “ఏడువు సార్, ఏం కాదు. నేను ఇప్పుకుంట ఉంట” అని స్క్రూడ్రైవర్ తీసుకుని పనిలో పడ్డారు. ఆ తలుపు మాత్రం అమ్మకానికి పెట్టలేదు. దాన్ని కోసి, నున్నగా చేసి, నాకు చిన్న పీట చేసి తెచ్చారు, స్టిక్కర్లతో సహా.

ఇక నేను చేసిన పని సంగతి. దానికి మూలం ఒక ఇల్లు.

మా కఫీల్‌కి, అంటే మాకు వీసాలిచ్చిన సౌదీ యజమానికి, ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూళ్ళో పెద్ద ఇల్లుండేది. మంచి రోజుల్లో కొన్నాడు, వేసవికి పోయేవాడు. రెండు వందల ఏళ్ళు దాటిన ఇల్లు. దాన్ని జార్జియన్ ఇల్లు అంటారు. మొదటిసారి ఆ మాట చదివినప్పుడు నేను కూడా జార్జియా దేశం అనుకున్నాను, ఇక్కడివాళ్ళు సెలవులకి వీసా బాధ లేకుండా పోయొస్తారే, అది. కాదట, జార్జి అనే పేరున్న రాజుల కాలంలో కట్టింది కాబట్టి జార్జియన్. ఎర్ర ఇటుక, తెల్ల కిటికీలు, ముందు పచ్చిక. ఆ కిటికీలు మన కిటికీల్లా తెరుచుకోవు, పైకీ కిందకీ జారుతాయి. పక్క చట్రంలో బరువులు కట్టి దాచి ఉంటాయి.

ఇంటి వెనక వైపు పన్నెండు కిటికీల్లో తొమ్మిది పుచ్చిపోయాయి. అక్కడి వడ్రంగి అడిగిన కూలి వినేసరికి మా కఫీల్‌కి ముచ్చెమటలు పోశాయి. నా సొంత వర్క్‌షాప్ ఉండగా వీడికి ఇవ్వడమేమిటని, ఒక పాత కిటికీని నమూనాగా పెట్టెలో పెట్టి రియాద్ తెప్పించాడు. దాన్ని చూసి మేస్త్రి తొమ్మిది చేశారు. నాలుగు నెలలు పట్టింది. ఓడలో వెళ్ళాయి. ఇది నితాఖత్ గొడవలు రాకముందు మాట.

నితాఖత్ వచ్చాక కంపెనీలకి రంగులు వేశారు, సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి. సౌదీవాళ్ళు చాలక మేం ఎరుపులో పడ్డాం, వీసాలు, రెన్యూలు ఆగిపోయాయి. చచ్చీచెడీ అందులోంచి బయటపడేసరికి బయటిదేశం పనివాడికి తలకింత అని లెవీలు వచ్చిపడ్డాయి. లెవీ కడితేగానీ మనిషికి ఇఖామా రెన్యూ కాదు. కఫీల్ చేతులెత్తేశాడు. ఒకరి తర్వాత ఒకరికి ఇఖామాలు అయిపోయాయి. ఇఖామా లేనివాడు ఉద్యోగం మారలేడు, రోడ్డెక్కలేడు, ఊరికి పోలేడు. పోదామన్నా ఖురూజ్ రాదు. ఖురూజ్ అంటే ఇక్కణ్ణుంచి శాశ్వతంగా వెళ్ళిపోవడానికి కొట్టే అనుమతి. సరిగ్గా అప్పుడే మేస్త్రి భార్యకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆయన ఊరికెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు. కొడుకు ఫోన్ తీసుకెళ్ళి తల్లి చెవి దగ్గర పెడితే, ఈయన మాట్లాడుతూ ఉండేవారు. అటునుంచి ఊపిరి వినపడేది, అంతే.

కఫీల్ ఒక మాట ఇచ్చాడు. ఇంగ్లండ్ ఇల్లు అమ్మకానికి పెట్టాను, అమ్ముడుపోగానే అందరి లెవీలూ కడతాను, పోతామన్నవాళ్ళకి ఖురూజ్ కొట్టిస్తాను అని. అప్పణ్ణుంచి మా క్యాంపులో నలభై మందికీ ఆ ఇల్లే లోకం. పొద్దున్నే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడేవాళ్ళు. “సార్, ఇల్లు పోయిందా?” “ఎవడన్న వచ్చి చూసిండా సార్?” నా కంప్యూటర్‌లో ఫోటోలు చూపించమనేవాళ్ళు. “గింత పెద్దింట్ల వంటిల్లు ఏడుంది సార్? అందుకే కొంటలేరు” అని ఒకాయన తేల్చేశాడు. మేస్త్రి వెనకవైపు ఫోటో ఒక్కటే చూసేవారు. తన కిటికీలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయేవారు.

చివరికి కొనేవాళ్ళు దొరికారు. వాళ్ళ తరఫున ఇల్లు పరీక్షించడానికి వచ్చినాయన ఒక కిటికీ చట్రం పక్క మూత ఊడదీశాడు. లోపల పెన్సిల్‌తో ఏదో రాసుంది. ఫోటో తీసి పంపాడు. ఇదేం భాష, ఈ కిటికీలు ఎప్పుడు చేసినవి అని ప్రశ్న. తెరిచి చూస్తే, కు 3. తెలుగు కు. మా మేస్త్రి చేతిరాత.

ఆ దేశంలో అలాంటి పాత ఇళ్ళకి అనుమతి లేకుండా కిటికీ కూడా మార్చకూడదట. మార్చారని తేలితే కొనేవాళ్ళు వెనక్కి పోతారు. కఫీల్ అక్కడి మనుషులతో మాట్లాడి ఒక ఉపాయం కనిపెట్టాడు. పన్నెండు కిటికీలూ పాతవే, రియాద్‌లో విప్పి బాగుచేసి పంపాం, ఆ అక్షరాలు అందుకే, అని చేసిన మనిషి చేత సంతకం పెట్టించి పంపాలి. సంతకం పెట్టేవాడికి చెల్లే ఇఖామా ఉండాలి. అందుకని మేస్త్రి ఒక్కరి ఇఖామా ఆదరాబాదరాగా రెన్యూ చేయించారు. ఇల్లు అమ్ముడైన రోజే ఖురూజ్ అన్నారు.

కాగితం టైపు చేసింది నేనే.

కంపెనీ సర్కారు పనులు చూసే మందూబ్, నేను, మేస్త్రి. పొద్దున్న పదింటికి. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. ఎప్పుడూ “ఏడ వెట్టమంటవ్ సార్?” అని నా వేలు చూసి సంతకం పెట్టేవారు. ఆ రోజు మాత్రం “సదివి జెప్పు సార్” అన్నారు. చదివి చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను.

“తొమ్మిది నాయి గద సార్” అన్నారు.

“తెలుసు మేస్త్రి గారూ.”

“నాయి పాతయని ఎట్ల రాస్త? నాల్గు నెలలు కొట్టిన.”

మందూబ్‌కి ఓపిక తక్కువ. తనకొచ్చిన హిందీలో “సద్దీఖ్, సైన్ కరో, బీవీ కే పాస్ జావ్” అన్నాడు. బయట గుమ్మం దగ్గర పది మంది మూగి ఉన్నారు. అందులో ఒకాయన లోపలికి అరిచాడు. “మేస్త్రీ, నీ కిటికీలకు మేమంత ఈడనే సావాల్నా?” మేస్త్రి తల తిప్పలేదు. నా వైపే చూస్తున్నారు. నేనన్నాను, “పెట్టెయ్యండి మేస్త్రి గారూ. అక్కడ మీ ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది.”

“నువ్వంటున్నవా సార్?”

“నేనే అంటున్నాను.”

పెన్ను తీసుకున్నారు. వంగి, నెమ్మదిగా రాశారు. చాలాసేపు రాశారు. మందూబ్ తొంగిచూసి, ఇంత పొడుగు పేరేమిటని నవ్వాడు. నేను చూశాను. అది పేరు కాదు. “కొత్తయి తొమ్మిది నేను చేసిన. పాతయి మూడు.” సంతకం చోట, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. ఆ గదిలో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. “వాళ్ళ ఇంటిపేరు, ఊరిపేరు కలిపి రాస్తారు” అన్నాను. మందూబ్ ముద్ర కొట్టి తీసుకుపోయాడు.

వారం గడిచింది. ఇంగ్లండ్ నుంచి కొనేవాళ్ళ లాయర్ గారి మెయిల్. సంతకం ఉన్న చోట ఏం రాసి ఉందో దయచేసి ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పంపండి. నేరుగా నా పేరుకే వచ్చింది.

వర్క్‌షాప్‌లోకి పరుగెత్తాను. మేస్త్రి చిత్రిక పడుతున్నారు. చెప్పాను. చిత్రిక ఆగింది. “ఉన్నది రాయి సార్. నువ్వు సదువుకున్నోనివి” అన్నారు. మళ్ళీ పనిలో పడ్డారు. నాకు కోపం వచ్చింది. ఇంత మొండితనమా మనిషికి? అటు మంచంలో మనిషి, ఇటు నలభై మంది. అదే రోజు వాళ్ళ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. అమ్మకి మింగుడు పడటం లేదు సార్, ముక్కుకి గొట్టం వేశారు, బాపుకి చెప్పొద్దు అని. ఇంకేం ఆలోచించను? వచ్చి కూర్చుని ఒకటే వాక్యం కొట్టాను. అది ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, గ్రామం అని. పంపేశాను. ఎవరైనా తెలుగువాడికి చూపిస్తే మేస్త్రి సంతకం, నా తర్జుమా రెండూ బయటపడతాయి. ఆరు వారాలు మెయిల్ తెరవాలంటే భయం వేసేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి. ఆ ఆరు వారాలూ మేస్త్రి నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇల్లు అమ్ముడైంది. కఫీల్ మాట నిలబెట్టుకున్నాడు, అది ఒప్పుకోవాలి. మేస్త్రికి ఖురూజ్ వచ్చింది. విమానాశ్రయంలో కూడా ఆయన అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, “పోయొస్త సార్” అన్నారు. ఖురూజ్ మీద పోయేవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఊరు చేరిన వారానికి వీడియోలో ఫోన్ చేశారు. ఆమె బతికే ఉంది. మంచం తలవైపు ఎత్తు పెట్టి, గొట్టం తీసేసి, చెంచాతో జావ పట్టిస్తున్నారు ఆయన. మనిషిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఉన్నట్టుండి అడిగారు.

“సార్, ఆ ఇంగ్లండోళ్ళకు జెప్పినవా?”

“చెప్పాను మేస్త్రి గారూ. ఉన్నదున్నట్టే రాశాను.”

ఆయన జావ గిన్నె కింద పెట్టారు. నవ్వారు. “నువ్వు జెప్తే నేనీడ ఉందునా సార్?”

నేను మొహం ఫోన్‌కి కనపడకుండా పక్కకి తిప్పుకున్నాను.

“నాకెర్కనే. నేను నిజం రాసి పక్కకు జరిగిన. అబద్ధం నీ నెత్తిన వెట్టిన. తప్పు నాది సార్, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నారు. నేను ఏడ్చేశాను, ఇటువైపు. తర్వాత ఇద్దరం ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆమె మూడేళ్ళు బతికింది. ఆమె పోయిన ఏడాదికి ఇప్పుడు ఈయన.

ఆ రోజు వీడియో ఫోన్ పెట్టేముందు, “ఉండు సార్, నీకు దండం వెడ్తదట” అని ఫోన్ గోడకి ఆనించారు. ఆమె ఎడమ చేయి ఒక్కటే లేచింది, గాలిలో ఆగింది. కుడి చేయి దుప్పటి మీద అలాగే ఉండిపోయింది. మేస్త్రి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, తన అరచేతిని తీసుకెళ్ళి ఆమె అరచేతికి ఆనించారు. ఇద్దరి చేతులూ కలిసి నాకు నమస్కారం పెట్టాయి.