ఇంటి మీది శనగలు

ఈ ఉదయం బియ్యం ఏరుతుండగా పక్కింటి రేకుల మీద కోతుల మంద దబదబా దూకింది. చేట వదిలేసి "పెంకలు" అంటూ లేచాను. మహబూబాబాద్‌లో ఇప్పుడు మేముండే ఇంటికి పెంకలే లేవు. అయినా వాకిట్లోకి ఉరికాను. అది మా అత్తమ్మ నర్సవ్వ నాలో పెట్టిపోయిన భయం.

నర్సింహులపేట దగ్గరి పల్లెలో మాది మట్టిగోడల గూనపెంకల ఇల్లు. రోహిణి ఎండలకు కుక్కలు కూడా నీడ వదలని వేళ అత్తమ్మ మమ్మల్ని వదిలేది కాదు. మిరుగు, అంటే మృగశిర కార్తె, రాకముందే పెంకలన్నీ తీసి, దులిపి, పగిలినవి ఏరి, మళ్లీ కప్పాలి. కప్పు మీద మా ఆయన, నిచ్చెన మీద నేను, కింద ఆమె నోరు. వాసం మీద కాలు పెట్టాలి, పెంక మీద కాదు అని పొద్దుగూకేదాకా అదే పాట. పిట్ట పెట్టిన గడ్డి ఒక మూల మిగిలిందని, దిగిన కొడుకును మళ్లీ ఎక్కించేది. బడికి పోని నాకు అక్షరాలు మా నాయిన ఇంట్లోనే దిద్దించాడు. ఇల్లు కాపాడుకోవడం అత్తమ్మ నేర్పింది. ఆ రుణం తీరేది కాదు. కానీ ఆమె నేర్పిన తీరును భరించడానికి దేవుడికైనా ఓపిక చాలదు.

ఎందుకంటే ఆ పెంకలు పాడు చేయించేదీ ఆమే. మా ఆయన చిన్నప్పుడు జ్వరంతో మంచం పట్టి లేచాడట. కొడుకు దక్కితే ప్రతి శనివారం ఇంటి మీద శనగలు పెడతానని హనుమంతుడికి మొక్కుకుంది. నానిన శనగలు గుప్పెడు గుప్పెడుగా కప్పు మీదికి విసిరేది. అవి పెంకల సందుల్లో దూరేవి. వాటి కోసం కోతులు పెంకలు పీకేవి. ఆదివారం పొద్దున వాకిట్లో నిలబడి, సరిగ్గా కప్పలేదని కొడుకును తిట్టేది. కంచె అవతలి బండ మీద పెడదామని ఎన్నిసార్లు చెప్పానో. ఇంటి మీద అని మొక్కి బండ మీద పెడితే స్వామి ఊకుంటాడా అని నన్నే గద్దించేది. పెంకల సంగతేమిటంటే ఒకటే జవాబు.

"ఆయన తినేది తినిపోతడు. మనం సదురుకునేది సదురుకోవాలె."

ఒక ఏడాది పెంకలు కప్పిన కొద్ది రోజులకే, శనగలు విసిరిన శనివారం నాడే, కోతులు పీకిన పెంకలు సర్దకముందే ముసురు పట్టింది. తడి పెంకల మీద జారిపడతాడని కొడుకును ఎక్కనివ్వలేదు. వెనక గోడ మీద నీళ్లు ధార కట్టాయి. ఆ గోడను ఆనుకునే మా ఏడాది తిండి, వడ్ల గుమ్మి. తెల్లవారేసరికి మట్టిగోడ నీళ్లు తాగి ఉబ్బింది. ముగ్గురం తట్టలెత్తుకుని వడ్లు ముందరి అర్రలోకి మోశాం. అంత ఆపదలోనూ రామ రామ అంటూనే, నేను తట్ట సగమే నింపుతున్నానని సణిగింది. గుమ్మి అడుగున ఇంకా వడ్లుండగానే గోడ మూల కూలింది. ఆ క్షణాన ముగ్గురం ఇవతల ఉన్నాం, అది దేవుడి దయ. అత్తమ్మ వంగి, బురదలో కలిసిన వడ్లను పిడికిట్లోకి తీసుకుని చూసింది. కొంగులో పోసుకుని మళ్లీ వంగింది.

తరువాతి శనివారం గిన్నె పట్టుకుని కంచె దాటి బండ దగ్గరికి పోయింది. ఇన్నేళ్ల ఉక్రోషం, నా నోరు ఆగలేదు.

"ఇంటి మీద అని మొక్కినవు గద అత్తమ్మా?"

"ఇల్లుంటే గద బిడ్డా, ఇంటి మీద పెట్టేది."

మరి ఆ మాట కోతులకు ఎవరు చెప్పాలి? చాలా కాలం అవి కప్పు మీదికే వచ్చాయి. ఒక చేత్తో కట్టె ఝళిపిస్తూ, రెండో చేత్తో వాటికే దండం పెడుతూ ఆమె ఇంటి చుట్టూ తిరిగేది. పొయ్యి మీది కూర మాడినా సరే, నేను ఆమె వెంట తిరగాల్సిందే.

ఆమె పోయి ఏళ్లయింది. స్లాబుకు ఏ పనీ ఉండదని అందరూ అంటారు. నేను మాత్రం మిరుగుకు ముందే మిద్దెక్కి, తూములో ఇరుక్కున్న వేపాకు తీసి, బిందెడు నీళ్లు పోసి పోతున్నాయో లేదో చూస్తాను. పగుళ్లకు సిమెంటు పెట్టించమని పోరు పెడతాను. అచ్చం నన్ను కన్న అవ్వే అని మా ఆయన విసుక్కుంటాడు. విసుక్కోనీ. పని అయ్యాకే కిందికి దిగి దీపం వెలిగిస్తాను. ఇల్లు కాపాడమని అడగను. తూము తీసి వచ్చాను స్వామీ, ఇక వాన నీది అంటాను.