ఆపా పోసిన ఆఖరి పొర

మా మేడమీది ఆపా పోయింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో నా పనిలో నేనుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదట. ఎవరికీ భారం కాకుండా, మంచంలో పడకుండా పోయింది, మంచి చావు అన్నారు అందరూ. ఎవరికి మంచిదో నాకు తెలియదు. నాకైతే ఇప్పటికీ కోపంగానే ఉంది, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందని.

ఆపా అంటే వాళ్ళ ఉర్దూలో అక్క. వయసులో మా అమ్మ ఈడుదే అయినా చిత్తూరులో మా వీధి మొత్తానికీ ఆపానే, కూరగాయల బండి ఆయనతో సహా. యాభై దాటాక కోడలి ఫోన్‌లో చూసి రెసిన్ పని నేర్చుకుంది. రంగు రంగుల ఇంకు చుక్కలు వేసి, కూల్‌డ్రింక్ తాగే గొట్టంతో ఊది, అవి పొగలా పరుచుకుని ఆరాక పైన తేనెలా చిక్కగా ఉండే రెసిన్ పోసేది. అది గట్టిపడితే అద్దంలా ఉండేది. చెవులకు లోలాకులు, మెడకు బిళ్ళలు, గోడకు పలకలు చేసేది.

అమ్మేటప్పుడు మాత్రం పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు అప్పగింతలు పెట్టేది. సెంటు కొట్టుకుంటే అది ఆరాకే వేసుకోవాలి, శానిటైజర్ చేతులతో తాకకూడదు, వేడి గ్లాసు ఆనించకూడదు, తుడవాలంటే నలిగి మెత్తబడిన పాత లుంగీ గుడ్డే వాడాలి. ఎండ తగిలితే ఏమవుతుందని ఒక కాలేజీ పిల్ల అడిగితే, "మనం నల్లబడతాం, ఇది పసుపెక్కతాది, అంతే తేడా" అంది. ఆ పిల్ల నవ్వి రెండు జతలు కొనుక్కుపోయింది.

ఒకసారి కొడుకు పులికాట్ సరస్సుకు తీసుకుపోతే, అందరూ కొంగల్ని చూస్తుంటే ఈమె నీళ్ళను చూసి వచ్చింది. ఆ నీళ్ళ రంగు దొరికేదాకా ఇంకులు తగలేస్తూనే ఉంది. దొరికిన రోజు గబగబా మెట్లు దిగి వచ్చి, ఆ బిళ్ళను నా మెడలో తనే వేసింది. డబ్బుల మాట ఎత్తితే కళ్ళెర్రజేసింది. "పెట్టెలో దాస్తివా, సంపేస్తా. దాసేదానికి సెయ్యలేదు బేటీ" అంది. ఆ రోజు నుంచి స్నానానికి తప్ప తీయలేదు.

స్నానానికి తీసిందే తప్పయింది. దసరా ముందు మా అమ్మ వెండి సామాన్లకు విభూతి పట్టించి తోముతూ, పనిలో పనిగా నా బిళ్ళను కూడా తోమేసింది. వెండి కొక్కెం ఉంది కదా, మెరుస్తుందనుకున్నా అని పైగా సమర్థింపు. బిళ్ళంతా గీతలు పడి, పాలు కలిపినట్టు మసకబారింది. నేను అమ్మతో పోట్లాడి, ఏడ్చి, దాన్ని పట్టుకుని పైకి పోయాను.

ఆపా కడుపు పట్టుకుని నవ్వింది. ఇంకా నయం, నిన్ను కూడా తోమలేదు అంది. తర్వాత బిళ్ళను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. "గీతలు పైనే ఉండాయి. లోపల నీళ్ళు నీళ్ళ మాదిరే ఉండాయి బేటీ. పైన ఇంకో పొర పోస్తే సరిపాయె." మర్నాడు నేను బస్సుకు పోతుంటే మెట్లమీంచి కేకేసింది, ఈ పొద్దే పోస్తాను, రేపు సాయంత్రందాకా అడగొద్దని. ఆ మధ్యాహ్నమే పోయింది.

ఆఫీసు నుంచి పరుగున వచ్చి మేడెక్కేసరికి వాళ్ళ హాలంతా ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆపాను మధ్యలో పడుకోబెట్టారు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆమె ముఖం చూసి ఏడుస్తూనే నా కళ్ళు ఆమె పని బల్ల కోసం వెతికాయి. ఆ బిళ్ళ నాకు కావాలి. ఆమె చేతి ఆఖరి పని అది, నాకోసం చేసింది. కానీ శవం ఉన్న ఇంట్లో నా బిళ్ళేదని ఏ నోటితో అడుగుతాను? అడగకుండానే కిందికి వచ్చాను. తర్వాత పైన ఎవరు నడిచినా ఆపానే అనిపించేది.

కొన్నాళ్ళకు కోడలే పిలిచింది. ఒక చేతిలో బిళ్ళ, ఇంకో చేతిలో గరుకు కాగితం. పైన పొర తేటగా ఉంది, గీతల జాడే లేదు. కానీ అంచున ఒకచోట రెసిన్ కారి, చుక్కయి, అలాగే గట్టిపడిపోయింది. ఆపా చేతిలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. బల్ల ఏ పక్కకూ వాలలేదని రసమట్టం పెట్టి చూసుకోనిదే పోసేది కాదు.

"అత్తమ్మను పడుకోబెట్టేదానికి సోటు లేక బల్లను బాల్కనీలోకి జరిపినాము అక్కా" అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా. "ఆడ నేల వాలుగా ఉండాది. ఇది అప్పటికింకా పచ్చిగా ఉన్నట్టుండాది, సూసుకోలేదు. అరగదీసి ఇస్తాను."

వద్దన్నాను. ఆమె చేతిలోని కాగితం తీసి పక్కన పెట్టి, బిళ్ళను గొలుసుకు తగిలించి మెడలో వేసుకున్నాను. చుక్క ఉన్న వైపు కాస్త బరువు. బిళ్ళ ఒక పక్కకు ఒరిగింది. వేలితో సరిచేశాను. మళ్ళీ అటే ఒరిగింది.