ఒక్కరు నిలబడి ఉన్నా ఆపని డ్రమ్మర్

మా డ్రమ్మర్ డెల్మర్ టగుల్‌ను బ్యాండులోంచి తీసేస్తూ ఉత్తరం రాసింది నేనే. మొహం మీద చెప్పే దమ్ము మాలో ఎవరికీ లేదు. పుస్తకాలు చదివేవాణ్ని కాబట్టి మర్యాదగా రాస్తానని ఆ పని నాకు అప్పగించారు. నేనూ పొంగిపోయి మూడుసార్లు దిద్ది రాశాను. ‘కళాభిరుచుల్లో తేడా’ అన్న మాట తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మరచిపోయిందల్లా ఒకటే. డెల్మర్‌కు చదవడం రాదు. మర్నాడు సాయంత్రం వేరుశనగ మిల్లు నుంచి, ఒంటి మీది పొట్టు కూడా దులుపుకోకుండా వచ్చి, కవరు నా చేతిలో పెట్టాడు.

"జన్మలో నాకొచ్చిన మొదటి ఉత్తరం అబ్బాయ్. కాస్త చదివి పెట్టు."

"గురువారం ప్రాక్టీసు ఏడింటికి మార్చారట అన్నా," అని చదివాను.

"ఆ మాత్రానికి రెండు కాగితాలా?"

"రాయిస్ సంగతి తెలుసుగా. వాడికి మాటలెక్కువ."

రాయిస్ మా గాయకుడు. పాపం, ఆ ఉత్తరంలో వాడి మాట ఒక్కటీ లేదు.

గురువారం సరిగ్గా ఏడింటికి డెల్మర్ మా రేకుల షెడ్డుకు వచ్చాడు. అతని స్టూలు మీద జాక్సన్‌విల్ నుంచి తెచ్చిన కొత్తవాడు కూర్చుని ఉన్నాడు. డెల్మర్ వాణ్ని చూడలేదు. నన్ను చూశాడు. డ్రమ్ము పుల్లలు వెనక జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా ‘టర్పెంటైన్’ బ్యాండులో గిటార్లు మూడు. మూడోది నాది. దాని తీగలన్నీ తెగిపోయినా దక్షిణ జార్జియాలో ఎవరూ గమనించి ఉండరు. గమనించేది డెల్మర్ డ్రమ్మునే. పన్నెండో ఏట నుంచి పైన్ తోపుల అవతలి ప్రార్థన మందిరంలో వాయించేవాడు. అక్కడ పరిశుద్ధాత్మ పూని జనం లేచి గంతులేస్తుంటే, ఒక్కరు నిలబడి ఉన్నా డ్రమ్ము ఆపకూడదు. ఆపితే దేవుడి మాటకు అడ్డుపడినట్టే.

అదే నియమాన్ని బీరు హాలుకు తెచ్చాడు. నాలుగు నిమిషాల పాట నలభై నిమిషాలు సాగేది. చరణాలు అయిపోయి రాయిస్ మేకన్ పట్నం వెళ్లే బస్సు ఆగే ఊళ్ల పేర్లన్నీ పాడేవాడు. మొదట్లో మా మీద సీసాలు పడకుండా స్టేజికి కోళ్ల వల కట్టేవారు. ఒక వేసవి చివరికల్లా వల విప్పేశారు. సీసా విసరాల్సిన చేతులు గాల్లో ఊగుతున్నాయి మరి. ఫ్లోరిడా నుంచి కూడా జనం వచ్చేవారు. ‘మూడు గిటార్ల తుఫాను’ అని పేపరు రాస్తే కత్తిరించి దాచుకున్నాను. అసలు తుఫాను మా వెనక, చెమటకు తడిసిన డెల్మర్ బనీనులో ఉందని నాకు తెలుసు. అయినా దాచుకున్నాను.

ఆ పేరు విని రికార్డు కంపెనీ మమ్మల్ని అట్లాంటా పిలిచింది. గోడలకు కూడా తివాచీ పరిచిన గది. అద్దం వెనక కంపెనీ మనిషి. డెల్మర్ మొదలుపెట్టాడు. చుట్టూ చూశాడు. నిమిషమున్నరకు ఆపేశాడు.

"ఏమైందయ్యా?" అని అద్దం వెనక నుంచి అడిగాడు కంపెనీ మనిషి.

"అందరూ కూచునే ఉన్నారు గదండీ."

అయిదుసార్లు ప్రయత్నించాం. చివరికి రాయిస్ లేచి చిందులేశాడు.

"నువ్వు కావాలని ఎగురుతున్నావురా. నాకు తెలీదనుకున్నావా?" అని డెల్మర్ మళ్లీ ఆపేశాడు.

గడియారం చూసి వాయించేవాణ్ని తెచ్చుకోండి, లేదా ఇంటికి పొండి అన్నాడు కంపెనీ మనిషి. మేం తివాచీ వంక చూశాం. ఆ తరవాతే నా ఉత్తరం.

రికార్డు వచ్చింది. పాటలన్నీ నాలుగు నిమిషాలకే ముగిశాయి. జనం కూర్చుని విన్నారు, మర్యాదగా చప్పట్లు కొట్టారు. మర్యాద మొదలైతే మా బోటి బ్యాండు పని అయిపోయినట్టే. మరుసటి వసంతానికి సగం కుర్చీలు ఖాళీ.

"రాసింది నువ్వే, పోయి పిలుచుకొచ్చేదీ నువ్వే," అన్నాడు రాయిస్. డెల్మర్ రాకపోతే బ్యాండు లేదు.

ఆదివారం పొద్దున మందిరానికి వెళ్లాను. కూర్చునే మొహం లేక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. డ్రమ్ము మోగుతోంది. గంతులేసినవాళ్లు ఒక్కొక్కరే అలసి కూర్చున్నారు. డెల్మర్ కళ్లు నా మీదే ఉన్నాయి. ఆపలేదు. పది నిమిషాలు నా ఒక్కడి కోసమే వాయించాడు. నన్ను క్షమిస్తున్నాడని నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి అంతకన్నా ఏం తోస్తుంది?

పక్కనున్న ముసలావిడ నా చొక్కా లాగింది. "కూచో నాయనా. నువ్వు కూచుంటే గానీ ఆయన ఆపడానికి లేదు. అసలే భుజం నొప్పి."

కూర్చున్నాను. డ్రమ్ము ఆగింది.

బయట మెట్ల మీద అతన్ని పట్టుకున్నాను. "తిరిగి రా అన్నా. నువ్వు లేక మాకు జనం లేరు."

డెల్మర్ భుజం రుద్దుకుంటూ నవ్వాడు.

"ఇప్పుడు మీ పాట అందరూ కూచునే వింటున్నారటగా. అక్కడ నాకేం పని? రానన్నానని రాయిస్‌కి చెప్పు అబ్బాయ్. ఉన్నదున్నట్టు చెప్పు, ఉత్తరం చదివినట్టు కాదు."