సిరా ద్రాక్ష

మా ఇంటి వెనక వాలులో, కాఫీ తోట అయిపోయే చోట, మా ఆయన రెండేళ్ల కిందట నాలుగు వరసలు ద్రాక్ష వేశాడు. ఎర్ర వైన్ తీసే రకం. అరకు చలికి కాస్తుందో లేదో చూడమని, వైన్ చేసే ఒకాయన బెంగళూరు నుంచి తెచ్చి ఇచ్చిన మొక్కలు. వాటికి కట్టిన చీటీ మీద పెటీట్ సిరా అని ఉంది. పెటీట్ ఎవరి నోటా తిరగలేదు. సిరా మిగిలింది.

"సిరా అంటే రాసుకునేదే కదేటి," అంది మా అత్త. "నీ సదువుకి తగ్గ పంటే. పెన్నులో పోసుకో."

మొదటి కాపు ఈ ఫిబ్రవరిలో వచ్చింది. సంతలో దొరికే ద్రాక్షలా ఉండదు. చిన్న చిన్న కాయలు, గుత్తిలో వేలు దూరనంత ఇరుకు. తొక్క మందం. చిదిమితే వేలికి పట్టిన నలుపు సబ్బుకు లొంగదు, నేరేడు మరకే నయం. తియ్యగానే ఉంటుందని, మింగాక నాలుక పిడచకట్టుకుపోతుందని మా ఆయన చెప్పేవాడు. నేను నోట్లో పెట్టుకోలేదు. పాపకు మూడేళ్లు. నేను తింటే తనకూ కావాలంటుందని భయం.

ఆ నెలలోనే కాలం కాని వాన పడింది. గుత్తుల లోపల నీరు నిలిస్తే బూజు పడుతుందని, మందు కొట్టాలని ఆ బెంగళూరు ఆయన ఫోన్లో చెప్పాడు. మా కాఫీకి ఎప్పుడూ మందు కొట్టలేదు. ఆ మందు కలపడానికి మైలుతుత్తం మా ఇంట్లోకి రావడం అదే మొదలు. చదువుకున్నదాన్ని కాబట్టి కాగితం చదివి, కొలిచి, సున్నంతో కలిపింది నేనే. మా ఆయన కింది రెండు వరసలకు కొట్టి కాఫీ వైపు వెళ్లాడు. మిగిలిన నీలం నీళ్ల బకెట్ మీద పళ్లెం మూత పెట్టాను. దాని మీద రాయి పెట్టాలి అనుకుంటూ ఉండగా అన్నం పొంగిన వాసన వచ్చి లోపలికి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి పాప తీగల దగ్గర నిలబడి ఉంది. పెదాలు, పళ్లు, గడ్డం అంతా నీలం కలిసిన నలుపు. పళ్లెం కింద పడి ఉంది.

ఏం తిన్నావంటే సిరా అంది. బకెట్‌లోది తాగావా అంటే తలూపింది. తాగలేదా అన్నా అలాగే తలూపింది.

నా కేకకు మా ఆయన కాఫీ వైపు నుంచి పరిగెత్తుకొచ్చి బండి తీశాడు. దారంతా పాప నోరు నా కొంగుతో తుడుస్తూనే ఉన్నాను. కొంగుకు అంటుకున్న నీలం కాయదో బకెట్‌దో ఎంత చూసినా తెలియలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ ఏమైందని అడిగితే నా నోట ఒక్క మాటే వచ్చింది.

"సిరా."

"సిరా తాగిందేటి? పెన్నులు పిల్లల సేతికిచ్చేసి మీరేటి సేత్తన్నారమ్మా?"

నేను సరిదిద్దలేదు. ఎంతోసేపు కాదు, ఆమె దూది తడిపి తెచ్చేంతసేపు. విషం కలిపి వదిలేసిన తల్లినని చెప్పుకోవడం కన్నా, పిల్ల చేతికి పెన్ను ఇచ్చిన తల్లిగా నిలబడటం సులువనిపించింది. మా ఆయన నా వైపు చూశాడు.

"మైలుతుత్తం," అన్నాను. "నేనే కలిపాను. మూత తీసి ఉంది."

ఆమె దూది అక్కడే పెట్టి డాక్టరు కోసం బేగి వెళ్లింది.

సాయంత్రం దాకా ఉంచారు. వాంతి కాలేదు. పాప బుగ్గలో తొక్కలు, గింజలు దొరికాయి. రంగు కాయదేనని, అయినా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండమని చెప్పి డాక్టరు పంపించాడు.

మర్నాడు మందు పడని పై వరసలో ఒక కాయ కోసి తిన్నాను. ముందు తీపి. తర్వాత బుగ్గల్ని లోపలికి లాగేసే వగరు. అద్దంలో నాలుక చూసుకుంటే అదే రంగు. పాప తన నాలుక పక్కన చాపి నవ్వింది.

ఇప్పుడు బకెట్ తాళం వేసిన కొట్టులో ఉంది. పాప పొద్దున్నే లేచి, అడక్కుండానే నాలుక చూపిస్తుంది. ఆట అనుకుంటోంది. నేను రోజూ చూస్తాను.

ఆ దూది తెచ్చేంతసేపు ఎందుకు ఊరుకున్నావని మా ఆయన ఇంతవరకు అడగలేదు. అడిగితే బాగుండును.