బట్టల తీగ మీది గూడు

మా చంటోడికి సిరంజితో మందు పోసేటప్పుడల్లా నాకు సౌదీలోని జెద్దా గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఏడేళ్లు. నాన్నకి ఎక్కడో దూరాన ఖఫ్జీ అనే ఊళ్లో పని. అమ్మ ఆసుపత్రిలో నర్సు. బయట తాళమేసి డ్యూటీకి పోయేది, మధ్యాహ్నం పరుగున వచ్చి నాలుగు ముద్దలు పెట్టి మళ్లీ పోయేది. ఆ తాళం చప్పుడికి రోజూ ఏడ్చేదాన్ని.

మా బాల్కనీలో బట్టల తీగకి తేనెపిట్ట గూడు వేలాడేది. లోపల రెండు పిల్లలు. ఓ రోజు పొద్దున్నించీ గూటి పక్కనే కాపలా నిలబడ్డాను. తల్లి రాలేదు. చచ్చిపోయిందనుకుని గూడు తెంపి లోపలికి తెచ్చాను. ఏసీ చలికి పిల్లలు ముడుచుకుపోయాయి. గ్లూకోజు నీళ్లు పోయబోతుంటే అమ్మ వచ్చి సిరంజి లాక్కుంది.

"పొరబోయి చస్తాయే పిచ్చిదానా!"

"వాటికి అమ్మ లేదమ్మా!"

"నువ్వు గుడ్లురుముతూ పక్కనే నిలబడితే అదెలా వస్తుందే?"

గాజుగుడ్డ పట్టీతో గూటిని మళ్లీ తీగకి కట్టింది. ఇద్దరం తెర వెనక నక్కాం. అమ్మ గడియారం చూసుకుంటోంది. నేను ఏసయ్యా, ఏసయ్యా అనుకుంటున్నాను.

ఎంతసేపటికో బూడిదరంగు తల్లిపిట్ట రివ్వున వచ్చింది. రెండు నోళ్లలో ఏదో కుక్కి తుర్రుమంది.

"అంతేనా అమ్మా?"

"అంతే. మళ్లీ వస్తుందిలే."

నా నోట్లో గబగబా ముద్దలు పెట్టి అమ్మ వెళ్లింది. బయట తాళం పడింది. ఆ రోజు నేను ఏడవలేదు.

అమ్మ తినకుండానే వెళ్లిందని తట్టడానికి మాత్రం, మా చంటోడు పుట్టాల్సి వచ్చింది.